కొండెక్కిన సైకిల్ – వెలోసియో జీవితం



మన వార్షికోత్సవ సంచిక కోసం ఎవరైనా మహనీయుని జీవితం రాసి పంపమని తమ్ముళ్ళు అడిగారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఈసారి కూడా రాసే ఉంటారు, రాయాలి కూడా. అందుకని నేను మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక ఫ్రాన్సు దేశస్తుడి గురించి రాస్తున్నాను. ఆయన రాజు కాదు, నాయకుడు కాదు. పట్టు వ్యాపారం మానేసి సైకిళ్ళ కొట్టు పెట్టుకున్న మనిషి. అసలు పేరు పాల్ ద వివీ. పత్రికలో పెట్టుకున్న పేరు వెలోసియో. సైకిల్ తొక్కే లోకంలో ఆ రెండో పేరే నిలిచిపోయింది.

ఆయన్ని ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి. పొదిలి చుట్టుపక్కల మనకు ఘాట్ రోడ్లు లేవు. పొదిలి కొండ ఉంది గానీ దానిమీదకు సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడెవడూ లేడు. మన ప్రాంతంలో సైకిల్‌వాడికి అసలు కొండ గాలి. జూన్ నెలలో కనిగిరి రోడ్డున పడమటి గాలికి ఎదురుగా, వెనక క్యారేజీ మీద మిరపకాయల బస్తా కట్టుకుని తొక్కినవాడికి ఆ సంగతి తెలుసు. బండి ముందుకు పోదు, దిగి నడిస్తే పొద్దుపోతుంది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరు నుండి హాస్టల్‌కి మా నాన్న నన్ను ముందు బారు మీద, పెట్టెను వెనక క్యారేజీ మీద పెట్టుకుని తీసుకొచ్చేవాడు. దారిలో మూడుసార్లు దిగేవాడు. దిగినప్పుడల్లా చైను సరిచేస్తున్నట్లు కిందికి వంగేవాడు. చైనుకి ఏమీ కాలేదని నాకు తెలుసు. అలిసిపోయానని కొడుకు దగ్గర ఒప్పుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

పాల్ ద వివీ 1853 ఏప్రిల్ 29న దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. చదువు అయ్యాక పట్టు వ్యాపారంలోకి వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళు నిండకముందే సొంత వ్యాపారం, పెళ్ళి, పిల్లలు అన్నీ కుదిరాయి. ఆయన స్థిరపడిన ఊరు సెంత్ ఎతియెన్. ఆ ఊరిని గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఆ ఊరు లేకపోతే ఈ కథ లేదు. అక్కడ బొగ్గు గనులున్నాయి, పట్టు రిబ్బన్లు నేసే మగ్గాలున్నాయి, తుపాకులు చేసే కార్ఖానాలున్నాయి. తుపాకీ గొట్టం చేసే చేయి సైకిల్ గొట్టం కూడా చేయగలదు. సన్నని మరలు, స్ప్రింగులు, పళ్ళ చక్రాలు చేయగల పనివాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఫ్రాన్సులో మొట్టమొదటి సైకిల్ 1886లో ఆ ఊళ్ళోనే గోతియే సోదరులు తయారుచేశారని చెబుతారు. ఊరికి ఒక పక్క అంతా కొండలు. పనివాళ్ళూ ఉన్నారు, కొండలూ ఉన్నాయి. ఇక కావలసింది ఆ కొండలెక్కాలన్న పట్టుదల ఉన్న మనిషి.

1881లో ఆయన మొదటి సైకిల్ కొన్నాడు. అది మనం చూసే సైకిల్ కాదు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున, వెనక చక్రం పళ్ళెమంత ఉండే పాత బండి. పెడళ్ళు ముందు చక్రం ఇరుసుకే ఉండేవి, చైను లేదు. దాని మీద నుంచి పడితే తలకిందులుగా పడటమే. ఒక మిత్రుడు ఆరు గంటల్లో నూరు కిలోమీటర్లు తొక్కగలవా అని పందెం వేస్తే, కొండ దారిన తొక్కి గెలిచాడట. ఆ రోజు కొండగాలి పీల్చి, మలుపు మలుపుకీ మారే లోయలు చూసి, ఇక జీవితం ఇదే అనుకున్నాడు. మనలో కొందరికి మొదటిసారి కబడ్డీ జట్టులోకి తీసుకున్న రోజు అలాంటి పిచ్చి పట్టింది కదా, అదే.

1885లో ఇంగ్లండులో కోవెంట్రీ ఊళ్ళో స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, చైను వెనక చక్రాన్ని తిప్పే రోవర్ బండిని తెచ్చాడు. మన హెర్క్యులస్, అట్లాస్, హీరో, రాలీ, అన్నిటికీ అదే ముత్తాత. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. వివీ కోవెంట్రీ నుంచి బండ్లు తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. 1887లో పట్టు వ్యాపారం వదిలేశాడు. సైకిళ్ళ కొట్టు పెట్టాడు. అదే ఏడాది ఒక పత్రిక కూడా మొదలుపెట్టాడు. తరువాత దానికి ల సిక్లిస్త్ అనే పేరు స్థిరపడింది. కడుపు నింపే వ్యాపారం మానేసి కొట్టూ పత్రికా పెట్టుకున్నవాడిని మన ఊళ్ళో అయితే ఏమంటారో మీకు తెలుసు. అక్కడా అన్నవాళ్ళు ఉండే ఉంటారు. ఆ కొట్టుతో ఆయన ధనవంతుడేమీ కాలేదు. అమ్మడం కన్నా తొక్కడం, తొక్కినదాన్ని రాయడం మీదే ఆయన మనసు ఉండేది. 1889లో గోల్వాజ్ అనే పేరుతో సొంత సైకిల్ కూడా తయారుచేశాడు. అదీ ఒక్క గేరు బండే.

గేరు సంగతి అదే ఏడాది మొదలైందంటారు. సెంత్ ఎతియెన్ దాటగానే దక్షిణంగా ఒక కనుమ దారి ఉంది. పేరు కోల్ ద లా రిపబ్లిక్. ఎత్తు 1,161 మీటర్లు. ఊరి నుంచి సుమారు 600 మీటర్లు పైకెక్కాలి. ఒకరోజు ఆయన ఆ దారిలో తన బండి మీద చెమటలు కక్కుతూ ఎక్కుతుంటే, ఆయన పత్రిక చదివే ఒక పాఠకుడే వెనక నుంచి వచ్చి, నోట్లో చుట్టగొట్టం పెట్టుకుని తాపీగా దాటిపోయాడట. వయసులో చిన్నవాడు, బలమైనవాడు అయి ఉంటాడు. అయినా నలభైకి దగ్గరపడుతున్న మనిషికి అది గుచ్చుకుంది. మరొకడైతే ఇంకా గట్టిగా కండలు పెంచుకోవాలి అనుకుంటాడు, లేదా సైకిల్ మానేస్తాడు. ఈయన మాత్రం బండిలోనే లోపం ఉందనుకున్నాడు. కొండకూ చదునుకూ ఒకే లెక్క ఎలా పనికొస్తుంది అన్నది ఆయన ప్రశ్న.

ఆ లెక్క ఏమిటో మన సైకిల్ మీదే చూడండి. తమ్ముళ్ళు ఇది చదివాక హాస్టల్ సైకిల్ దగ్గరికి వెళ్ళి పళ్ళు లెక్కపెట్టవచ్చు. మన పెద్ద సైకిళ్ళకు ముందు పెడల్ దగ్గరున్న చైన్ వీలుకు సాధారణంగా 44 పళ్ళు, కొన్నిటికి 48 ఉంటాయి. వెనక ఫ్రీవీలుకు 18 ఉంటాయి. 44ను 18తో భాగిస్తే 2.44. అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కాబట్టి ఒక తొక్కుడు చుట్టుకు 5.4 మీటర్లు ముందుకు పోతాం. చదును రోడ్డు మీద, గాలి లేనప్పుడు ఇది బాగానే ఉంటుంది. అదే వెనక 22 పళ్ళ ఫ్రీవీలు వేస్తే ఒక చుట్టుకు 4.4 మీటర్లే పోతాం, కానీ పెడల్ మీద వేయాల్సిన బలం దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. 28 పళ్ళది వేస్తే మూడున్నర మీటర్లు పోతాం, బలం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. కొండ ఎక్కడానికి కావలసిన మొత్తం పని తగ్గదు, అది తొమ్మిదో తరగతి భౌతిక శాస్త్రంలో చదివిందే. ఒకేసారి ఎత్తలేని బస్తాని నాలుగు విడతలుగా మోసినట్లు, అదే పనిని కాళ్ళు చిన్న చిన్న తడవలుగా చేస్తాయి. మోకాళ్ళు బతుకుతాయి.

చిక్కు ఎక్కడంటే, వెనక పెద్ద చక్రం వేస్తే చదును మీద కాళ్ళు ఊరికే గిరగిరా తిరుగుతాయి, బండి పోదు. కాబట్టి రెండూ కావాలి, దారిని బట్టి మార్చుకోవాలి. ఒక్క గేరు సైకిల్‌ను గేర్ల సైకిల్‌గా మార్చడం అంటే ఇదే.

వివీ మొదట చేసింది చూస్తే నవ్వొస్తుంది. ముందు ఒక చైన్ వీలు ఉన్నచోట చిన్నదీ పెద్దదీ రెండు పక్కపక్కన పెట్టాడు. చైను ఒక్కటే. కొండ మొదలవగానే దిగి, చైనుని చేత్తో ఎత్తి పెద్దదాని మీద నుంచి చిన్నదాని మీదకు వేసుకోవాలి. కొండ దాటాక మళ్ళీ దిగి మళ్ళీ ఎత్తాలి. చేతులకు నల్లటి మడ్డి. తరువాత ఎడమ వైపు కూడా పళ్ళ చక్రాలు పెట్టి నాలుగు గేర్లు చేశాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన రకరకాల గేర్లను తెప్పించి విప్పి చూశాడు. 1902లో ఇంగ్లండులో స్టర్మీ ఆర్చర్ వాళ్ళు వెనక హబ్బు లోపలే పళ్ళ చక్రాలు దాచిపెట్టిన మూడు గేర్ల హబ్బు తెచ్చారు. బయటికి ఏమీ కనపడదు, దుమ్ము పడదు. అది కూడా మంచి దారే, ఇప్పటికీ ఉంది. కానీ సెంత్ ఎతియెన్ పనివాళ్ళు పట్టుకున్న దారి వేరు. చైనునే ఒక పళ్ళ చక్రం మీద నుంచి పక్క చక్రం మీదకు నెట్టే పరికరం చేయాలి, అదీ బండి దిగకుండా, తొక్కుతుండగానే. రైలు పట్టాలు తప్పినట్లు చైను కావాలని పట్టు తప్పాలి. అందుకే దానికి డీరెయిలర్ అని పేరు. ఈ రోజు మీరు చూసే గేరు సైకిళ్ళు దాదాపు అన్నీ అవే.

డీరెయిలర్‌ను వెలోసియో ఒక్కడే కనిపెట్టాడని కొన్ని చోట్ల రాస్తారు. అది సరికాదు. ఆ ఊళ్ళోనూ బయటా పదిమంది పది రకాలుగా చేశారు. ఆయన చేసింది ఇంకో రకమైన పని. ఎవరు ఏ గేరు చేసినా దాన్ని బండికి బిగించి కనుమ మీదకు తొక్కేవాడు. ఎన్ని గంటలు పట్టింది, ఎక్కడ చైను జారింది, ఎక్కడ స్ప్రింగు విరిగింది, అన్నీ పత్రికలో రాసేవాడు. పాఠకులు తమ తమ కొండల నుంచి జవాబులు రాసేవారు. చిన్న చక్రాలు, లావు టైర్లు పెట్టి కూడా తొక్కి చూశాడు. అప్పట్లో చక్రం ఎంత పెద్దదైతే అంత మంచిదని అందరి నమ్మకం. ఆయన దాన్నీ నమ్మకుండా కొలిచి చూశాడు. ఒక కొట్టుకూ ఒక పత్రికకూ మధ్య ఒక ప్రయోగశాల నడిచిందన్నమాట.

ఇక్కడ గొడవ మొదలైంది. గేర్లు అక్కర్లేదన్నవాళ్ళలో పెద్దవాడు ఆన్రి దెగ్రాంజ్. ఆయన స్వయంగా సైకిల్ పందేల్లో రికార్డు పెట్టినవాడు, లోటో అనే క్రీడా పత్రిక సంపాదకుడు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టింది ఆయనే. 1902లో టూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ వాళ్ళు కొండల్లో సైకిళ్ళకు పరీక్ష పెట్టారు. అందులో మార్త్ హెస్ అనే ఆమె మూడు గేర్ల గోల్వాజ్ మీద ఎక్కడా కాలు కింద పెట్టకుండా దారంతా తొక్కిందని సైకిల్ చరిత్రల్లో చెప్పుకుంటారు. దానికి దెగ్రాంజ్ తన పత్రికలో ఇచ్చిన జవాబు సారాంశం ఇది. గేర్లు నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళకే గానీ మగసిరి ఉన్న కుర్రవాళ్ళకు కాదు. కండ బలంతో గెలవాలి గానీ పరికరం ఉపాయంతో గెలవడం గెలుపు కాదు. తన మటుకు తనకు ఒక్క గేరే చాలు.

నేను ఈ సంగతి చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. హాస్టల్ నుంచి బయటికెళ్ళి పెద్ద కాలేజీలో చేరిన తొలి ఏడాది నాకు గుర్తొచ్చింది. ఫీజు కట్టే కౌంటరు దగ్గర స్కాలర్‌షిప్పు వాళ్ళు పక్కకు నిలబడండి అంటే నేను కాసేపు లైనులోనే ఉండిపోయేవాణ్ణి, ఎవరన్నా చూస్తారేమోనని. సొంత బలంతో రానివాడని వెనకాల అనేవాళ్ళు. అలా అన్నవాళ్ళలో చాలామంది నాన్నల స్కూటర్ మీద ట్యూషన్లకు వెళ్ళి వచ్చినవాళ్ళే. వాళ్ళది చదును రోడ్డు. మా నాన్న లేని చైనును సరిచేస్తూ వంగిన ఆ మూడు చోట్లూ నాకు అప్పుడు అర్థమయ్యాయి. దిగి నడవడం సిగ్గు కాదు, ఎక్కడానికి తగ్గ గేరు పెట్టుకోవడమూ సిగ్గు కాదు. వెలోసియో దెగ్రాంజ్‌తో ఇదే వాదించాడు. అయితే ఆయన కోపంగా వాదించలేదు. మళ్ళీ మళ్ళీ కొండెక్కి, ఎక్కిన గంటలూ నిమిషాలూ అచ్చువేశాడు.

దెగ్రాంజ్ మాట మాత్రం ఆయన పందెంలో చట్టమైంది. ఇందులో ఒక విడ్డూరం ఉంది. 1903 మొట్టమొదటి టూర్ పందెం దాటిన, వెయ్యి మీటర్లు మించిన మొదటి కనుమ ఆ కోల్ ద లా రిపబ్లిక్కే. వెలోసియో చెమటలు కక్కిన ఆ దారిలోనే పందెగాళ్ళంతా ఒక్క గేరుతో ఎక్కారు. 1910లో పిరనీస్ కొండల్లో తుర్మలే కనుమ పెట్టారు. ఆ ఏడాది గెలిచిన ఒక్తావ్ లాపీజ్ అంతటివాడు కూడా సైకిల్ తోసుకుంటూ నడిచాడు. తరువాత పందెగాళ్ళకు దొరికిన ఉపాయం ఏమిటంటే, వెనక చక్రానికి రెండు పక్కలా రెండు వేరు వేరు పళ్ళ చక్రాలు. కొండ అడుగున దిగి, నట్లు విప్పి, చక్రం తీసి, తిరగేసి బిగించుకోవడం. 1927లో ఇటలీలో మంచు పడుతున్న ఒక కనుమ మీద తుల్లియో కంపాన్యోలో అనే పందెగాడికి చేతులు కొయ్యబారి ఆ నట్టు విప్పలేక ఓడిపోయాడనీ, ఆ కసితోనే మీట తిప్పితే ఊడివచ్చే చక్రం చేశాడనీ కథ ఉంది. అంటే పక్క ఊళ్ళో కూలివాడు డీరెయిలర్‌తో తాపీగా ఎక్కుతున్న కొండ మీద, లోకంలోకెల్లా బలవంతులు పానా పట్టుకుని కూర్చున్నారు.

వెలోసియో స్వయంగా ఎలా తొక్కేవాడో చెప్పాలి. ఆదివారాలూ సెలవులూ తెల్లవారకముందే బయలుదేరేవాడు. వెంట పదిమందో ఇరవైమందో ఉండేవారు. ఆ గుంపుకు సెంత్ ఎతియెన్ బడి అనే పేరే వచ్చింది. యాభై ఏళ్ళు దాటాక కూడా రాత్రీ పగలూ ఆగకుండా దాదాపు నలభై గంటలు కనుమల మీదుగా తొక్కిన యాత్రలు ఉన్నాయి. చుట్ట, బీడీ ముట్టడు, మాంసం తినడు, ద్రాక్షసారా తాగడు. ఫ్రాన్సులో ఈ చివరిది పెద్ద విచిత్రం. దూరం తొక్కేవాళ్ళకు ఆయన రాసిపెట్టిన ఏడు సూత్రాలు ఇప్పటికీ సైకిల్ క్లబ్బుల్లో చెబుతారు. ఆకలి వేయకముందే తినడం, దాహం కాకముందే తాగడం, తినలేనంత, నిద్రపట్టనంత అలసిపోయేదాకా తొక్కకపోవడం, ఇతరులకు చూపించుకోవడానికి తొక్కకపోవడం వంటివి. గుడ్డు పెట్టే రోజు కోసం వారమంతా ఎదురుచూసిన మనకు మాంసం సంగతిలో ఆయనతో కుదరదనుకోండి. తక్కినవి మాత్రం పొదిలి నుంచి దర్శికి ఎండలో తొక్కేవాడికి కూడా పనికొస్తాయి. దేశదేశాల మనుషులకు ఒకే భాష ఉండాలని ఎస్పెరాంటోని కూడా ప్రచారం చేశాడు. గ్రీకు, లాటిన్ పుస్తకాలు చదివేవాడు.

ఇప్పుడు మా సొంత ప్రయోగం ఒకటి. ఈ సంచికలో దీన్ని రాయకపోతే నాతో చదివినవాళ్ళు ఊరుకోరు. మేం పదో తరగతిలో ఉండగా ఒక అన్న, అప్పటికే ఐటీఐలో చేరినవాడు, ఒంగోలులో పాత సామాన్ల కొట్టు నుంచి అయిదు చక్రాల ఫ్రీవీలూ ఒక డీరెయిలరూ తెచ్చాడు. దాన్ని హాస్టల్‌కి కూరగాయలు తెచ్చే పాత సైకిల్‌కి బిగించాలని మా పథకం. ఆదివారం మధ్యాహ్నం వేపచెట్టు కింద బండి తలకిందులు చేశాం. ఫ్రీవీలు మర మన హబ్బు మరకు సరిపోయింది, అది మాకు మహదానందం. ఆ తరువాత ఒక్కటీ సరిపోలేదు. మన సైకిల్ వెనక ఫోర్కు కాళ్ళ మధ్య దూరం సుమారు 11 సెంటీమీటర్లు. అయిదు చక్రాల ఫ్రీవీలుకు పన్నెండు పైన కావాలి. చక్రం లోపలికి దిగలేదు. కాళ్ళు వెడల్పు చేద్దామని ఇద్దరం చెరో వైపు లాగాం. కొంచెం వచ్చింది, చక్రం పక్కకు వాలింది. చైను కూడా వేరే. మన సైకిల్ చైను లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు, గేరు చైను అంతకన్నా సన్నం. లావు చైను ఆ దగ్గర దగ్గర చక్రాల మధ్య ఇరుక్కుంటుంది. డీరెయిలర్ వేలాడదీయడానికి మన ఫోర్కుకు చెవి లేదు, దానికి వేరే పట్టీ కావాలి. నిండుగా మూసిన చైను కవరు మొత్తం తీసెయ్యాలి. చీకటి పడింది. రాత్రి కూరకు కూరగాయలు తేవాల్సిన సైకిల్ ముక్కలు ముక్కలుగా గోనెపట్టా మీద ఉంది. ఆ రోజు అందరూ పచ్చిపులుసుతో తిన్నారు. మమ్మల్ని ఎవరు ఏమన్నారో రాయను.

మరుసటి వారం బస్టాండు దగ్గరి సైకిల్ షాపాయన మా బాధ విని నవ్వి, పళ్ళు ఎక్కువున్న ఒంటి ఫ్రీవీలు ఒకటి బిగించాడు. 22 పళ్ళది. చైనుకు ఒక అంగుళం ముక్క కలిపి, చక్రాన్ని కాస్త సర్ది, బ్రేకు కమ్మీ సరిచేశాడు. అరగంట పని. గేరు మారదు గానీ బస్తా వేసుకుని గాలికి ఎదురుపోవడానికి అదే మన వెలోసియో మొదటి మెట్టు. ఇప్పుడు గేర్ల సైకిల్ కొనుక్కునే తమ్ముళ్ళకు ఒక మాట. కొండా గాలీ వచ్చాక, బలమంతా పెడల్ మీద వేస్తూ గేరు మార్చకండి, అప్పుడే చైను కిర్రుమని దూకేది. ముందే మార్చుకోండి, మార్చే క్షణాన కాలు తేలికగా ఆడించండి. ముందు పెద్ద చక్రం, వెనక కూడా పెద్ద చక్రం ఒకేసారి పెట్టకండి, చైను అడ్డంగా సాగి త్వరగా అరిగిపోతుంది. దుమ్ము రోడ్ల మీద తిరిగితే వారానికోసారి గుడ్డతో తుడిచి చైనుకు కాస్తే నూనె వేయండి. ఎక్కువ వేస్తే దుమ్ము పట్టి ముద్ద అవుతుంది.

వెలోసియో చివరిదాకా సైకిల్ మీదే ఉన్నాడు. 1922 నుంచి ఏటా ఆయన పేరుతో సెంత్ ఎతియెన్ నుంచి కోల్ ద లా రిపబ్లిక్ మీదకు సైకిల్ ఎక్కే పండుగ జరిగింది. అంటే బతికి ఉండగానే తన పేరున జరిగే పండుగకు తానే తొక్కుకుంటూ వెళ్ళాడు. అందులో గెలుపు ఒక్కటే ముఖ్యం కాదు. పిల్లలు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, కార్ఖానా పనివాళ్ళు, అందరూ తమ తమ గేర్లతో ఎక్కేవారు.

1930 ఫిబ్రవరి చివర్లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, సెంత్ ఎతియెన్ వీధిలో సైకిల్ దిగి దాన్ని నడిపించుకుంటూ వెళ్తూ, ఎదురొచ్చిన బండిని తప్పుకోవడానికి వెనక్కి అడుగు వేశాడు. వెనక ట్రాము వస్తోంది. ఆయన్ని ఢీకొట్టింది. కొండల మీద, మంచులో, చీకట్లో అన్ని వేల కిలోమీటర్లు తొక్కి ఏమీ కానివాడు, దిగి నడుస్తుండగా పోయాడు.

పందెం వైపు నుంచి చెప్పాల్సింది ఒకటి మిగిలింది. ఆయన పోయాక కూడా ఏడేళ్ళు టూర్ ద ఫ్రాన్స్‌లో పందెగాళ్ళకు డీరెయిలర్ అనుమతి రాలేదు. దెగ్రాంజ్ ఆరోగ్యం చెడి, నిర్వహణ మరొకరి చేతికి వచ్చాక, 1937లో అనుమతించారు. ఆ ఏడాది ఫ్రాన్సు పందెగాడు రోజే లాపెబీ డీరెయిలర్ ఉన్న సైకిల్ మీద గెలిచాడు. అప్పటికి సెంత్ ఎతియెన్ కూలివాళ్ళూ, గుమాస్తాలూ ఆదివారాలు ఆ పరికరంతో కనుమలెక్కడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది.